అంటించింది కాదు, కుట్టింది

(మన సంఘం వార్షికోత్సవంలో, రాజమహేంద్రవరంలో చేసిన ప్రసంగ పాఠం)

 

వేదిక మీద మాట్లాడటం మాకు అలవాటు లేదు. బయట బల్ల మీద మేం పెట్టిన ఎర్ర సంచిని చూసి, "దీని గురించి పిల్లలకి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు సంఘం పెద్దలు. మేం అయిదుగురం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఒకరు ఇంటి దగ్గరే ఉంటారు, ఇద్దరు డిగ్రీ చదువుతున్నారు. అయిదుగురం కలిసి ఏడాదిగా నేర్చుకున్నది ఒకే ఒక్క కుట్టు. గుడ్డ మీద అద్దాన్ని నిలబెట్టి, దాని చుట్టూ ఉబ్బెత్తుగా గట్టు కట్టే కుట్టు. ఏడాదిలో ఒక్క కుట్టేనా అని మీరు నవ్వుకోవచ్చు. మొదట్లో మేమూ అలాగే నవ్వుకున్నాం.

ఇది మొదలైంది ఇలాంటి వేదిక మీదే. నిరుడు మన వేడుకలో మేం డాన్సు చేశాం. కాంచళి, ఫేటియా, టుక్రీ అన్నీ అద్దెకి తెచ్చుకున్నవే. దూరానికి బాగానే మెరిశాయి. పాట సగానికి వచ్చేసరికి మా కాళ్ల కింద ఏవో టపటపలాడుతున్నాయి. చూస్తే ఫేటియా మీది అద్దాలు ఊడి రాలుతున్నాయి. ప్లాస్టిక్ బిళ్లలు, వెనకాల గమ్ము. ఎవరూ గమనించలేదులే అనుకుని డాన్సు పూర్తి చేశాం, చప్పట్లు కూడా కొట్టారు.

దిగి వచ్చాక ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. నెమ్మదిగా వంగి, కింద పడ్డ బిళ్లల్ని ఒక్కొక్కటే ఏరి, మా చేతిలో పోసింది. గోర్‌బోలీలో ఆవిడ అన్నదాన్ని తెలుగులో చెబితే ఇంతే: "ఇది కుట్టింది కాదమ్మా, అంటించింది." కోప్పడలేదు, వెక్కిరించనూ లేదు. ఆ మాటకి మాకు తల కొట్టేసినట్టయింది. మన బట్టలు వేసుకున్నామని మురిసిపోతున్నాం, కానీ వాటిలో మన చేతి పని ఒక్క పోగు కూడా లేదు.

ఆవిడే మా దాదీ. దేవరకొండ వైపు తాండాలో పుట్టి పెరిగింది. కొడుక్కి రైల్వేలో ఉద్యోగం కావడంతో రాజమండ్రి వచ్చేసింది. డెబ్బై దాటాయి. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. పేరు చెప్పొద్దంది, కాబట్టి చెప్పం. ఆ మర్నాడే ఆవిడ ఇంటికి వెళ్లి, "మాకు నేర్పండి" అని అడిగాం. "సూదిలో దారం మీరు ఎక్కిస్తే నేను నేర్పుతాను" అంది. అదే ఒప్పందం. ఆదివారం మధ్యాహ్నాలు మొదలయ్యాయి.

మొదటి ఆదివారమే ఒక ప్రశ్న అడిగాం: "దాదీ, మీ పాత బట్టలు ఒకసారి చూపించండి." లేవంది. పెళ్లికి వాళ్ల యాడి కుట్టి ఇచ్చిన కాంచళి, ఫేటియా ఎన్నో ఏళ్లు పెట్టెలో ఉన్నాయట. తాండాలోకి పాతబట్టలు కొనేవాడొకడు వస్తే, స్టీలు గిన్నెలకి మార్చేసింది. "అప్పుడు గిన్నె అవసరం. ఫేటియా వేసుకుని ఎక్కడికి వెళ్తాం?" అంది. మేం ఏం మాట్లాడగలం? మా ఇళ్లలోనూ ఇదే కథ. మన పాత బట్టల్లో ఎన్నో ఇలాగే తాండాలు దాటిపోయాయి. ముక్కలై దిండు గలీబులుగా, గోడకి వేలాడే అలంకారాలుగా అమ్ముడుపోయాయి.

దీనికి దాదీనో, మీ అమ్మమ్మనో తప్పు పట్టకండి. వెనకాల పెద్ద కథ ఉంది. మన పూర్వీకులు ఎడ్ల మీద సరుకు మోసిన వాళ్లు. కోస్తాలో పండిన ఉప్పుని లోపలి దేశానికి, అక్కడి ధాన్యాన్నీ పత్తినీ ఇటువైపుకి బిడారులు కట్టి తోలారు. లంబాడీ అనే పేరు "లవణం" నుంచే వచ్చిందని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. అంటే ఈ తూర్పు తీరానికి మనం ఉద్యోగాల కోసం నిన్నగాక మొన్న వచ్చిన వాళ్లం మాత్రమే కాదు. ఎద్దు మీద వేసే గోనెకీ, కప్పే గుడ్డకీ, నడుముకి కట్టే డబ్బు సంచికీ మన ఆడవాళ్లు దట్టంగా కుట్టు వేసింది అందం కోసమే కాదు, నెలల తరబడి దారిలో రాపిడికి నిలవాలని కూడా.

తరవాత దారులు మారాయి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల్లో సరుకు పడవలు తిరిగాయి. 1900లో ఈ గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన దాటి రైలు నడిచింది. దేశమంతటా ఇలాగే రైళ్లు, రోడ్లు వచ్చి, ఎడ్ల బిడారుతో పని లేకుండా పోయింది. పైగా తెల్లవాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం. తరవాతి కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో మన వాళ్లనీ ఆ జాబితాలోకి ఎక్కించారు. 1952లో అది రద్దయ్యేదాకా, రద్దయ్యాక కూడా, దూరం నుంచే ఎవరో తెలిసిపోయే బట్ట ఒంటి మీద ఉండటం అంటే ఏమిటో ఆలోచించండి. మా అమ్మలు చీర కట్టింది సోకు కోసం కాదు. ఊళ్లో ఇల్లు అద్దెకి దొరకాలని, బడిలో పిల్లల్ని ఎవరూ వేరుగా చూడకూడదని. బట్ట మారాక కుట్టుతో పని లేకపోయింది. పని లేని కుట్టు కూతురికి చేరలేదు.

ఇప్పుడు కుట్టు సంగతికి వద్దాం.

తాడితోట క్లాత్ మార్కెట్‌కి వెళ్లి ఎర్ర కాటన్ గుడ్డ తెచ్చాం. దాదీ వేళ్ల మధ్య నలిపి చూసి పక్కన పెట్టేసింది, పల్చగా ఉందని. మళ్లీ వెళ్లి ముతక గుడ్డ తెచ్చాం. దాని కింద ఇంకో పొర వేసి, రెండూ కదలకుండా చుట్టూ టాకా వేయించింది. అద్దం బరువు ఒక్క పొర ఆపలేదు, గుడ్డ ముడుచుకుపోతుంది. ఇక దారం, ఆరు పోగులుండే మామూలు ఎంబ్రాయిడరీ దారమే. ఆరూ ఒకేసారి ఎక్కించకుండా మూడేసి పోగులు విడదీయించింది. దారం పొడవు మన చెయ్యంత ఉండాలి, అంతకు మించితే మెలిపడుతుంది. అద్దాలు అసలు గాజువే. అంచు పదును తీయడానికి గచ్చు మీద నీళ్లు చల్లి ఒక్కొక్క బిళ్లనీ చుట్టూ అరగదీయించింది. ఎందుకు దాదీ అంటే, "పదునుంటే లోపలే ఉండి దారాన్ని కోసేస్తుంది. రెండేళ్లకి ఊడితే నా పేరు చెబుతారు" అంది.

కుట్టులో రెండు మెట్లున్నాయి. మొదటిది అద్దాన్ని కట్టడం. అద్దాన్ని గుడ్డ మీద పెట్టి ఎడమ బొటనవేలితో నొక్కి పట్టాలి. సూది అద్దం అంచు పక్క నుంచి పైకి వచ్చి, అద్దం మీదుగా అడ్డంగా పోయి, అవతలి అంచు పక్కన కిందికి దిగాలి. ఇలా అడ్డంగా రెండు పోగులు. తరవాత నిలువుగా రెండు, కానీ ఊరికే పైనుంచి పోకూడదు, అడ్డం పోగుని దాటే చోట దాని కిందుగా ఒక చుట్టు చుట్టుకుని పోవాలి. అప్పుడు అద్దం మీద చిన్న చతురస్రం కిటికీలా కనపడుతుంది. ఇంకో నాలుగు పోగులు మూలమూలకి వేస్తే పట్టు గట్టిపడుతుంది.

రెండోది గట్టు కట్టడం. సూదిని అద్దం అంచున పైకి తీసి, కిటికీ మధ్యలోంచి ఆ కట్టు పోగుల కిందుగా బయటికి తోయాలి. దారం సూది కింద ఉచ్చులా ఉండాలి. లాగాలి. వెంటనే అద్దం అంచు వెంట గుడ్డలో చిన్న కుట్టు, మళ్లీ దారం సూది కిందే. లాగాలి. ఒకసారి పోగుల్లో, ఒకసారి గుడ్డలో. ఇలా చుట్టూ తిరిగి వస్తే చతురస్రం కాస్తా గుండ్రమవుతుంది, చుట్టూ దారం గట్టు లేస్తుంది. గట్టు ఇంకా ఎత్తు కావాలంటే గుడ్డని ముట్టకుండా ఆ కుట్ల మీదే ఇంకో చుట్టు తిరగాలి.

చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. మా మొదటి అద్దానికి గంటంబావు పట్టింది. అయిదుగురివీ అయిదు అద్దాలు దాదీ ముందు పెట్టాం. పైవైపు చూడనే లేదు. గుడ్డ తిరగేసి లోపలి వైపు చూసింది. చిక్కులు, ముడులు, అడ్డంగా పోయిన దారాలు. తరవాత గోరు పెట్టి గట్టు కింద చిన్నగా లేపింది. మూడు అద్దాలు టక్కున చేతిలోకి వచ్చాయి. మిగతా రెండూ కట్టులో అటూ ఇటూ జరిగాయి. "మళ్లీ" అంది. మాలో ఒకరు తెలివిగా, తర్వాతి వారం అద్దం వెనకాల ఒక చుక్క గమ్ము పెట్టి కుట్టారు. దాదీకి తెలిసిపోయింది, సూది అక్కడ జిగటగా దిగిందట. ఏమీ అనకుండా కత్తెర తీసుకుని ముక్క ముక్కే కోసేసింది. ఆ రోజు టీ కూడా ఇవ్వలేదు.

తప్పు ఎక్కడుందో అర్థం కావడానికి మాకు రెండు నెలలు పట్టింది. కట్టు పోగులు వదులుగా ఉంటే, గట్టు కుట్టేటప్పుడు అవి బయటికి సాగుతాయి. కిటికీ పెద్దదై అద్దం జారిపోతుంది. మరీ బిగిస్తే గుడ్డ ముడతలు పడి, అద్దం గిన్నెలో కూర్చున్నట్టవుతుంది. ఆ బిగువు ఎంత? దాదీ కుడుతుంటే ఫోనులో వీడియో తీశాం, నెమ్మదిగా తిప్పి చూశాం. కుట్టు వరస తెలిసింది గానీ బిగువు తెలియలేదు. చివరికి ఆవిడే ఒక పని చేసింది. మా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, దారాన్ని లాగి, ఆపింది. "ఇక్కడ ఆగాలి." అంతే. అది కంటికి కనపడేది కాదు, వేలికి తగిలేది. వీడియోలు చూడొద్దని మేం అనం, వరస మర్చిపోతే మేమూ చూస్తాం. కానీ ఆ "ఇక్కడ" మాత్రం ఇంకో చెయ్యి పట్టుకుంటేనే వచ్చింది.

గట్టు ఎందుకు అంత ఎత్తుగా లేవాలో కూడా అప్పుడే తెలిసింది. మేం అది అందానికే అనుకున్నాం. దాదీ ఒక అద్దాన్ని నేల మీద బోర్లించి రుద్దింది. అద్దం నేలకి తగల్లేదు, దారమే తగిలింది. కూర్చున్నా, బరువు మోసినా, బండకేసి ఉతికినా రాపిడంతా గట్టు మీద పడుతుంది, గాజు లోపల క్షేమంగా ఉంటుంది. అరిగేది దారం. దారం అరిగితే మళ్లీ కుట్టుకోవచ్చు. గాజు పగిలితే ఏం చేస్తాం?

ఎనిమిదో నెలలో దాదీ గోరుకి మా అద్దాలు నిలిచాయి. ఆవిడ మనవడు, ఇంటర్ చదివే కుర్రాడు, మొదట్లో సూదుల్లో దారం ఎక్కించడానికి కూర్చునేవాడు. చూసి చూసి తనూ పట్టాడు. ఇప్పుడు కట్టు పోగులు మా అందరికన్నా అతనే బాగా వేస్తాడు. కాబట్టి వెనక వరసలో తమ్ముళ్లూ, ఇది ఆడవాళ్లకి చెప్పే మాట అనుకుని ఫోను చూసుకోకండి.

బయట ఉన్న ఎర్ర సంచి అలా తయారైంది. దానికి 21 అద్దాలు. అద్దానికి ఇప్పుడు మాకు 20 నిమిషాలు పడుతోంది, అంటే 7 గంటలు. అద్దాల మధ్య నింపిన కుట్టుకి 14 గంటలు. లోపలి గుడ్డ, అంచులు, తాడు కలిపి 3 గంటలు. మొత్తం 24 గంటలు. సామానుకి 260 రూపాయలు. ఒక దుకాణంలో చూపిస్తే బాగుంది, 400కి ఇస్తే ఇలాంటివి పది తీసుకుంటామన్నారు. మాకు పట్టరాని సంతోషం. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాం. సామాను పోగా 140. దాన్ని 24 గంటలకి పంచితే గంటకి ఆరు రూపాయలు కూడా పడలేదు. "ఖాళీగా కూర్చున్నప్పుడు కుట్టుకునేదే కదండీ" అన్నారు అక్కడ. ఆ మాటని మేం మర్చిపోలేదు.

ఎందుకంటే ఆ మాట ఈ గోదావరి గడ్డ మీద చాలా పాతది. మన పక్కనే నరసాపురం ఉంది. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల ద్వారా వచ్చిన లేసు అల్లిక అక్కడి ఆడవాళ్ల చేతుల్లో పడి, విదేశాలకి ఎగుమతయ్యే పరిశ్రమ అయింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ లేసు మహిళల మీద 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె చెప్పింది ఏమిటంటే, రోజూ గంటల తరబడి అల్లే ఆ మహిళల్ని పనివాళ్లుగా లెక్కించలేదు, తీరిక వేళ కాలక్షేపం చేసే ఇల్లాళ్లుగా లెక్కగట్టారు. పని కాలక్షేపమైతే కూలి కూడా అలాగే ఉంటుంది. వాళ్ల లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ గుర్తింపు బట్టకి వస్తే సరిపోదు, అల్లిన గంటకి కూడా రావాలి. మన కుట్టు మళ్లీ నేర్చుకునే ముందే ఈ పాఠం పక్క ఊరి అక్కచెల్లెళ్ల దగ్గర నేర్చుకుందాం.

మన వాళ్లు నిలబెట్టుకున్న చోట్లూ ఉన్నాయి. కర్ణాటకలోని సండూరులో లంబాణీ ఆడవాళ్లు ఒక కేంద్రంగా కూడి కుడుతున్నారు. సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ 14 రకాల కుట్లకి పేర్లు రాసి పెట్టుకున్నారు. కిలన్, వేలే, మాకీ, రేలో, జొల్యా, నక్రా, ఇలా. 2023 జూలైలో హంపిలో జీ20 సమావేశాలు జరిగినప్పుడు వాళ్లు చేసిన 1755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. తమిళనాడులో ధర్మపురి జిల్లా సిత్తిలింగి లోయలో మన లంబాడీ తాండాలున్నాయి. అక్కడ ఈ కుట్టు దాదాపు పోయింది, తెలిసిన పెద్దవాళ్లు ఒకరిద్దరే మిగిలారు. వాళ్ల దగ్గరే చిన్నవాళ్లు మళ్లీ నేర్చుకుని, సంఘం పెట్టుకుని, దానికి "పోర్గాయ్" అని పేరు పెట్టుకున్నారు. మన మాటలో గర్వం అని అర్థం. ఇద్దరి నుంచి మళ్లీ ఒక ఊరంతా నేర్చుకోగలిగినప్పుడు, రాజమండ్రిలో ఒక దాదీ నుంచి మనం నేర్చుకోలేమా?

అందుకే మిమ్మల్ని మూడు పనులు అడుగుతున్నాం.

ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు పెట్టెలు తెరిపించండి. పాత గుడ్డ ముక్క ఒక్కటైనా ఉంటే అమ్మనివ్వకండి, ఉతకకండి. పైవైపూ, లోపలి వైపూ రెండూ ఫొటో తీయండి. కుట్టు ఎలా వెళ్లిందో లోపలి వైపే చెబుతుంది.

ఆ కుట్టుని మీ యాడి, మీ దాదీ ఏ పేరుతో పిలుస్తారో అడిగి తెలుగు లిపిలోనే రాసుకోండి. గోర్‌బోలీకి సొంత లిపి లేదు. ఆ పేర్లు పలికే నోళ్లు తగ్గుతున్నాయి. ఒక్కో తాండాలో ఒక్కో పేరు ఉన్నా పరవాలేదు, అన్నీ రాయండి.

మూడోది, సూది పట్టండి. అందరూ దీని మీదే బతకాలని మేం చెప్పడం లేదు. చదువుకోండి, ఉద్యోగాలు చేయండి. కానీ ఎవరైనా మన కుట్టుతో ఏదైనా అమ్మితే మాత్రం గంటలు రాసి పెట్టుకోండి. మేం ఒక నోటు పుస్తకం పెట్టాం. ఎవరు ఎన్ని గంటలు కుట్టారో, సామానుకి ఎంతయిందో అందులో ఉంటుంది. ధర చెప్పేటప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టి చెబుతాం. కొనని వాళ్లు కొనరు. ఆ 400 రూపాయల బేరం మేం ఒప్పుకోలేదు. సంచి అందుకే ఇవాళ మీకు చూడటానికి మిగిలింది.

దాదీ ఇవాళ వచ్చింది. వేదిక మీదికి రమ్మంటే రానంది, మూడో వరసలో కూర్చుంది. పోయిన వారం సంచి పూర్తి చేసి చేతికిస్తే మెచ్చుకుంటుందని ఎదురుచూశాం. ఆవిడ దాన్ని బకెట్టులో ముంచి, సబ్బు పెట్టి, బండ మీద నాలుగు బాదులు బాదింది. మా గుండెలు ఆగిపోయాయి. పిండి, దులిపి, అద్దాలు లెక్కపెట్టింది. 21. దండెం మీద ఆరేసి, "టీ పెట్టండి" అంది.

కొత్తగా నేర్చుకునే వాళ్లు వచ్చే ఆదివారం మధ్యాహ్నం మూడింటికి రండి. గుడ్డ, దారం మా దగ్గర ఉన్నాయి. మీ సూది మీరు తెచ్చుకోండి. దాదీ సూదిలో దారం ఎక్కించడం మాత్రం మర్చిపోకండి, ఆ ఒప్పందం ఇంకా అలాగే ఉంది.